సరదాకో స్లాటు

సెలవులకు ఎటైనా వెళదామనుకునే ఇంట్లో మాట మొదలయ్యే తీరు మారిపోయింది. వినుకొండలోనైనా, నరసరావుపేటలోనైనా ఒకప్పుడు ముందు సెలవు చూసుకునేవాళ్లు, ఆ తర్వాత ఊరు అనుకునేవాళ్లు, బస్సెక్కేవాళ్లు. వెళ్లాక ఏది దొరికితే అది చూసి వచ్చేవాళ్లు. ఇప్పుడు ముందు ఫోను తీస్తున్నారు. రైల్లో బెర్తు ఉందా, గది ఉందా, దర్శనం స్లాటు ఉందా, పార్కులో ఆ రోజుకు టికెట్టు ఉందా అని వెతికి, అన్నీ ఏ తేదీ దగ్గర కలుస్తాయో ఆ తేదీకి సెలవు పెట్టుకుంటున్నారు. పిల్లల ముచ్చట, పెద్దవాళ్ల ఓపిక, చేలో పని అన్నీ ఆ తేదీకి సర్దుకోవాల్సిందే. దైవ దర్శనానికి, రైలు ప్రయాణానికి ఈ పద్ధతి అలవాటై చాలా కాలమైంది. ఇప్పుడు రంగులరాట్నం ఎక్కడానికి కూడా ముందుగా పేరు రాయించుకునే కాలం వచ్చింది. ఆ సౌకర్యం మనకు ఏమిచ్చింది, మన దగ్గర ఏం తీసుకుంది అని ఒకసారి లెక్క చూసుకోవడం మంచిది.

పల్నాడు పిల్లలకు మొదటి థీమ్ పార్కు తిరునాళ్లే. తొలి ఏకాదశికి వినుకొండ కొండమీద రామలింగేశ్వరస్వామి దగ్గరా, మహాశివరాత్రికి కోటప్పకొండ కిందా జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉంటారు. తిరునాళ్ల అంటే పిల్లలకు జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డాన్సు, బావి గోడల మీద మోటారు సైకిలు తిప్పేవాడు. అక్కడ టికెట్టు అంటే చేతిలో పెట్టే చిన్న కాగితం ముక్క. వీల్ ఆగి ఒక్కో తొట్టె కిందికి వచ్చినప్పుడల్లా నలుగురు దిగితే నలుగురు ఎక్కేవాళ్లు. వరుస ఉందంటే ఉంది, లేదంటే లేదు. భుజాన పిల్లాడిని ఎత్తుకున్న నాయన అరగంట నిలబడ్డా ఆ అరగంట వృథా అయినట్టు ఎవరూ అనుకునేవాళ్లు కాదు. జీళ్లు కొనుక్కోవడం, ముందు నిలబడ్డ వాళ్లది ఏ ఊరో కనుక్కోవడం, పైనుంచి వినిపించే కేకలకు పిల్లాడు భయపడి ‘వద్దు నాయనా’ అనడం, మళ్లీ ‘ఎక్కుదాం’ అనడం అన్నీ ఆ అరగంటలోనే జరిగిపోయేవి.

ఆ తర్వాత పట్నం పార్కులు వచ్చాయి. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. కొచ్చిలో 2000లో, బెంగళూరులో 2005లో మొదలైన వండర్‌లా 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాలకు చేరింది. గుంటూరు–గుంతకల్లు లైను మీద ఉన్న వినుకొండలో ప్రశాంతి, కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి కాబట్టి బెంగళూరుకు రైలుంది. హైదరాబాద్‌కైతే ఎక్కువమందికి బస్సో, నలుగురైదుగురు కలిసి మాట్లాడుకునే కారో దిక్కు. వినుకొండ నుంచి రావిర్యాల రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. రాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేరి, గేటు తీసే వేళకు నిలబడి, మూసేదాకా తిరిగి, మళ్లీ రాత్రి బస్సెక్కే యాత్ర అది. అంత దూరం వెళ్లిన వాళ్లకు ఒక్కో గంట ఒక్కో నోటులాగే కనిపిస్తుంది. కాబట్టి లైను తప్పించే దారి ఏదైనా ఉందంటే ఆశ పుట్టడంలో తప్పేమీ లేదు.

ఆ దారికి మన పార్కుల్లో ఫాస్ట్‌ట్రాక్ అని పేరు. మామూలు టికెట్టు కంటే ఎక్కువ పెట్టి కొంటే పెద్ద రైడ్ల దగ్గర పక్క దారిలో వెళ్లి ఎక్కవచ్చు. గేటు టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోవచ్చు. మామూలు రోజుకు ఒక ధర, శని ఆదివారాలకూ పండగలకూ మరో ధర. ఫలానా రైడుకు ఫలానా గంట అని ముందే కట్టేసుకునే పద్ధతి మన దగ్గర ఇంకా పూర్తిగా పాతుకోలేదు. అది పుట్టి పెరిగింది అమెరికాలో. మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా దాన్ని అక్కడ అనుభవిస్తున్నాయి. మన పార్కులు రేపు ఎటు నడుస్తాయో తెలియాలంటే ఆ కథ కొంచెం తెలుసుకోవాలి.

1999లో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఫాస్ట్‌పాస్ మొదలైంది. రైడు దగ్గరున్న మిషన్లో గేటు టికెట్టు పెడితే ఫలానా గంటలో రమ్మని ఒక చీటీ ఇచ్చేది. అందాకా పార్కులో ఎక్కడైనా తిరగవచ్చు. దానికి పైసా అదనంగా తీసుకునేవాళ్లు కాదు. 2013–14 నాటికి అది చేతి పట్టీకీ, ఫోనుకూ మారింది. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లు 60 రోజుల ముందే, మిగతావాళ్లు 30 రోజుల ముందు మూడు రైడ్లు ఎంచుకోవచ్చన్నారు. అప్పుడు కూడా ఉచితమే. 2020లో కరోనాకు పార్కులు మూతపడ్డప్పుడు ఆగిన ఆ ఉచిత పద్ధతి మళ్లీ రాలేదు. 2021 అక్టోబరులో దాని స్థానంలో మనిషికి రోజుకు 15 డాలర్ల రుసుముతో జీనీ ప్లస్ వచ్చింది. 2024 జులైలో అది లైట్‌నింగ్ లేన్ మల్టీ పాస్ అయింది. ఇప్పుడు డిస్నీ హోటల్లో దిగేవాళ్లకు ఏడు రోజుల ముందు, బయట దిగేవాళ్లకు మూడు రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. ధర రోజును బట్టి, పార్కును బట్టి మారుతుంది. అదే ఏడాది చివర్లో ఏ గంటా చూసుకోకుండా ఒక్కో రైడు పక్క దారిలో ఒక్కోసారి ఎక్కే మరో పాసు పెట్టారు. మొదలుపెట్టినప్పుడు దాని ధర పార్కును బట్టి, రద్దీని బట్టి మనిషికి 129 డాలర్ల నుంచి 449 డాలర్ల దాకా ఉంది. ప్రవేశ టికెట్టు దీనికి వేరే. పాతికేళ్లలో ఉచిత చీటీ నడిచి వచ్చిన దారి ఇది. రద్దీని సర్దడానికి పుట్టిన ఏర్పాటు రద్దీని అమ్ముకునే ఏర్పాటుగా మారింది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేసుకుందాం. గంటకు వెయ్యి మందిని ఎక్కించే రైడు ఉందనుకుందాం. మామూలు వరుసలో ఐదు వందల మంది నిలబడి ఉన్నారు. పక్క దారి లేకపోతే చివరి మనిషికి అరగంటలో వంతు వస్తుంది. వెయ్యి సీట్లలో ఏడు వందల యాభై ముందస్తు వాళ్లకు కేటాయిస్తే ఈ వరుసకు మిగిలేవి గంటకు రెండు వందల యాభై. అదే చివరి మనిషికి ఇప్పుడు రెండు గంటలు పడుతుంది. రైడు వేగం పెరగలేదు, సీట్లు పెరగలేదు. ఒకరికి తగ్గిన నిలుపు మరొకరి కాళ్ల మీదికి చేరింది. అందుకే ఇలాంటి చోట ‘మాకు పక్క దారి అక్కర్లేదు, మామూలుగానే వెళ్తాం’ అనుకున్న కుటుంబానికి కూడా మామూలు వరుస మిగలదు. నలుగురు కొనడంతో ఐదోవాడూ కొనక తప్పని పరిస్థితి వస్తుంది. ముందస్తు బుకింగ్ యాత్ర ప్రణాళికను మార్చేది ముఖ్యంగా ఈ కారణంతోనే.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న పల్నాడు కుర్రాడు అమ్మానాన్నల్ని పిలిపించుకుని, పిల్లల సెలవుల్లో ఆ డిస్నీ పార్కులున్న ఓర్లాండో తీసుకెళ్లాలనుకుంటాడు. అక్కడి నుంచి అతనికి ఇంకో ఉద్యోగం మొదలవుతుంది. పార్కు లోపల కూర్చుని తినే హోటళ్లకు 60 రోజుల ముందే బల్ల రాయించుకోవాలి. ఏ రోజు ఏ పార్కు అన్నది అప్పటికే తేలాలి, లేకపోతే బల్ల ఎక్కడ రాయించాలి? విమానం, హోటలు దానికి అతకాలి. ఏడు రోజులో, మూడు రోజులో మిగిలినప్పుడు తెల్లవారి ఏడింటికి ఫోను పట్టుకుని రైడ్లు ఎంచుకోవాలి. కొత్తగా వచ్చిన రైడ్లు కళ్లముందే అయిపోతాయి. ఆ పెద్ద రైడు సాయంత్రం ఆరింటికి దొరికితే మధ్యాహ్నం గదికి వెళ్లి నడుం వాల్చే వీలు ఉండదు. రెండు రైడ్ల మధ్య నడక ఎంత దూరమో తెలుసుకోవడానికి మ్యాపు ముందేసుకుంటాడు. తీరా ఆ రోజు వాన కురిస్తే బయటి రైడ్లు ఆపేస్తారు, గంటల గొలుసు తెగుతుంది, మళ్లీ ఫోను. ఈ హడావుడంతా ఊళ్లో ఉండి వీడియో కాల్‌లో విన్న అతని నాయనమ్మ ‘అదేందిరా అబ్బాయ్, ఆడుకోటానికి పోతా కూడా టైం టేబులా?’ అంటే నవ్వుకుంటారు గానీ, ఆమె అడిగింది సరైన ప్రశ్నే.

ముందుగా రాయించుకోవడంలో మంచి లేదనడం అన్యాయం. ఎదురుచూపుల మీద డేవిడ్ మైస్టర్ అనే ఆచార్యుడు 1985లో రాసిన వ్యాసంలో ఒక మాట అందరూ ఒప్పుకునేది: ఎంతసేపో తెలియని నిరీక్షణ, ఎంతసేపో తెలిసిన నిరీక్షణ కంటే చాలా పొడుగ్గా అనిపిస్తుంది. స్లాటు ఆ అనిశ్చితిని తీసేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న తాతయ్య, చంకలో పసిబిడ్డ ఉన్న తల్లి, ఎండలో నిలబడలేని బాలింత, వీళ్లకు రెండు గంటల వరుస అంటే యాత్ర మానుకోవడమే. వాళ్లకు స్లాటే దారి. జనం ఒక్కచోట విరగబడకుండా చూసే శక్తి కూడా దానికుంది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఎవరికి ఏ వేళో ముందే తెలిసి ఉండి, జనం అక్కడ అలా గుమిగూడాల్సిన అవసరమే లేకపోతే ఏం జరిగేదో వేరే చెప్పనక్కర్లేదు. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం కోటా మూడు నెలల ముందు, మామూలుగా నెలలో 24వ తేదీ ఉదయం పదింటికి, ఆన్‌లైన్‌లో వస్తుంది. ఆ ఉదయం ఎన్ని ఇళ్లలో, ఎన్ని నెట్ సెంటర్లలో వేళ్లు తెర మీద వేచి ఉంటాయో తెలుగువాళ్లకు చెప్పాలా? దొరికిన వాళ్లకు ఆ మూడు నెలలూ ధీమా. అది చిన్న వరమేమీ కాదు.

అయితే దర్శనానికి ఒక గంట కట్టుకోవడం వేరు, సరదా అంతటినీ గంటల్లో కట్టేసుకోవడం వేరు. మన పెళ్లి చూడండి. ముహూర్తం ఒక్కటే. దానికోసం ఆరు నెలల ముందు నుంచి అందరూ తేదీలు మార్చుకుంటారు, కల్యాణ మండపం మాట్లాడుకుంటారు, అమెరికా నుంచి విమానం టికెట్లు తీసుకుంటారు. జీలకర్ర బెల్లం పెట్టే ఆ క్షణం దాటిపోకూడదు. మిగతా రోజంతా వదులే. ఎవరు ఎప్పుడు భోంచేస్తారో, ఎవరు ఎవరితో ఏ గంట మాట్లాడతారో ఎవరూ రాయించరు. పెళ్లిలో గుర్తుండేది ఆ వదులు సమయమే. స్లాట్లతో నిండిన పార్కు యాత్రలో ప్రతి రైడుకూ ఒక ముహూర్తమే. ఒక ముహూర్తానికీ ఇంకో ముహూర్తానికీ మధ్య పరుగే.

ఇది ఊరికే పాతకాలపు బెంగ అనుకోనక్కర్లేదు. 2016లో గాబ్రియేలా టోనియెట్టో, సెలిన్ మల్కోచ్ అనే ఇద్దరు పరిశోధకులు సరదా పనులకు గడియారం గంట పెడితే ఏమవుతుందో వరుస ప్రయోగాలతో పరిశీలించారు. అదే కాఫీ, అదే సినిమా, అవే కబుర్లు. ఫలానా గంటకు అని పెట్టుకోగానే అది చేయాల్సిన పనిలాగా అనిపించింది, ఆనందం తగ్గింది. ‘సాయంత్రం పూట కలుద్దాం’ అని ఉజ్జాయింపుగా పెట్టుకున్నప్పుడు ఆ నష్టం లేదు. పల్నాడు ఊళ్లలో ఇప్పటికీ ఎవరైనా ‘పొద్దుగూకేలోపు వస్తాంలే’ అనే చెబుతారు. దాన్ని మనం క్రమశిక్షణ లేకపోవడం అనుకున్నాం. సరదాల విషయంలో అది తెలివైన పద్ధతేనని ఆ ప్రయోగాలు తేల్చాయి.

ముందుగా అనుకోవడంలో ఉన్న సంతోషం మాత్రం నిజం. నెదర్లాండ్స్‌లో పదిహేను వందల మందికి పైగా జనంతో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సెలవుకు వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్ల కంటే ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. తిరిగి వచ్చాక మాత్రం చాలామందిలో ఆ తేడా మిగల్లేదు. అంటే యాత్రలో పెద్ద భాగం ఇంట్లోనే, బయల్దేరకముందే జరిగిపోతుంది. పెట్టె సర్దుకోవడం, పిల్లలు గోడ మీది కాలెండరులో రోజులు కొట్టేసుకోవడం, నాయనమ్మ జంతికలు వండి డబ్బాలో పోయడం కూడా యాత్రే. బుకింగ్ ఆ ఎదురుచూపును పెంచితే మంచిదే. ఎదురుచూపు ఉండాల్సిన చోట కంగారు కూర్చుంటేనే చిక్కు. స్లాటు దొరకలేదు, సైటు తెరుచుకోలేదు, డబ్బు తెగింది గానీ టికెట్టు రాలేదు అనే మాటలే ఇంట్లో వినిపిస్తే యాత్ర మొదలవకముందే అలసిపోతారు.

ఆ అలసట ఇంట్లో అందరికీ సమానంగా రాదు. ఒకరి నెత్తినే పడుతుంది. ఒక ఇంట్లో డిగ్రీ చదివే కూతురు, మరో ఇంట్లో ఊరి నుంచి ఉద్యోగానికి వెళ్లిన కొడుకు, ఇంకో ఇంట్లో ఇల్లాలు. పాస్‌వర్డులు, ఆధార్ నంబర్లు, ఓటీపీలు, పిల్లల ఎత్తులు, ఎవరికి ఏది పడదో అన్నీ వాళ్ల తలలోనే. పార్కులో అందరూ నీళ్లలో దూకుతుంటే వాళ్లు తర్వాతి గంట చూసుకుంటూ ఫోను తడవకుండా పట్టుకుని నిలబడతారు. ఏ స్లాటైనా తప్పితే ‘నువ్వే సరిగా చూడలేదు’ అనే మాట పడేది కూడా వాళ్లకే. సెలవు వారికి ఎవరు ఇస్తారు?

ఇంకో తేడా అంతకంటే పెద్దది. రెండు నెలల ముందు తన తేదీ తనకు తెలిసినవాడికే ముందస్తు బుకింగ్ అచ్చొస్తుంది. నెల జీతగాడికి ఫలానా శనివారం ఖాళీ అని తెలుసు. వినుకొండ చుట్టుపక్కల మిరప, పత్తి వేసిన రైతుకు అది తెలియదు. మిరప కోత జనవరిలో మొదలై వేసవిదాకా విడతలు విడతలుగా సాగుతుంది. కూలీలు దొరికిన రోజు కోయాలి, ఎండిన రోజు ఎత్తాలి, ధర ఉన్న రోజు గుంటూరు యార్డుకు తోలాలి. మబ్బు పడితే కళ్లంలో కాయ మీద పట్టా కప్పడానికి ఇంట్లో వాళ్లందరూ కావాలి. పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. సరిగ్గా ఆ నెలల్లోనే అతని చేతిలో తేదీ లేదు. ఆటో నడిపేవాడిదీ, కిరాణా కొట్టు వాడిదీ, మేస్త్రీదీ ఇదే పరిస్థితి. వీళ్లకు తీరిక దొరికేది హఠాత్తుగా. హఠాత్తుగా వచ్చినవాళ్లకు మిగిలేది పొడుగాటి వరుసో, ఎక్కువ ధరో.

తేదీ ముందే కట్టడంలోని ఈ ఇబ్బంది రైల్వేకు కూడా అర్థమైంది. 120 రోజుల ముందు టికెట్టు తీసుకునే వెసులుబాటును 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గించింది. 61వ రోజుకూ 120వ రోజుకూ మధ్య తీసుకున్న టికెట్లలో సుమారు ఐదో వంతు రద్దవుతున్నాయని అప్పుడు చెప్పింది. జనం ప్రయాణం కోసమే కాదు, భయం కోసం కూడా టికెట్లు కొంటున్నారన్న మాట. ‘ముందు తీసి ఉంచుదాం, తర్వాత చూద్దాం’ అన్న ఆ భయమే అసలు వెళ్లేవాడికి సీటు లేకుండా చేస్తుంది. చివరి నిమిషంలో వెళ్లాల్సిన వాళ్ల కోసం ఎప్పటినుంచో తత్కాల్ ఉంది గనుక కొంత నయం.

ఇంతకీ పిల్లలు ఏం చూస్తున్నారు? మామూలు వరుసలో నిలబడ్డ పదేళ్ల పిల్లాడి పక్కనుంచి అదే వయసు పిల్లాడు ఆగకుండా నడిచి వెళ్లి రైడెక్కుతాడు. ‘వాడెందుకు ముందు వెళ్తున్నాడు?’ అని అడిగితే తండ్రి చెప్పగలిగే నిజం ఒక్కటే. తిరునాళ్లలో డబ్బున్నవాడు రెండుసార్లు ఎక్కేవాడేమో గానీ, ప్రతిసారీ వరుసలోనే ఎక్కేవాడు. బయట ప్రపంచంలో ఎటూ ఉన్న తేడాను పిల్లలు ఆడుకునే చోట కూడా ఇంత దగ్గర నుంచి చూపించాలా అన్నది పార్కులవాళ్లు ఆలోచించాలి.

వాళ్లు చేయగలిగినవి పెద్ద కష్టమైనవి కావు. ఏ రైడులోనూ సగం కంటే ఎక్కువ సీట్లు పక్క దారికి పోకుండా హద్దు పెట్టుకోవచ్చు. ఏ రైడుకు ఎంతసేపు పడుతుందో గేటు దగ్గరే పెద్ద అక్షరాలతో తెలుగులో రాయవచ్చు. ముందే కొన్న టికెట్టుకు ఒక్కసారైనా తేదీ మార్చుకునే వీలు ఇవ్వవచ్చు. వృద్ధులకూ, గర్భిణులకూ, వికలాంగులకూ పక్క దారిని ధర లేకుండా తెరవవచ్చు. నిబంధనలు ముందే తెలిసేలా చెప్పవచ్చు. వండర్‌లా లాంటి చోట కొన్ని పెద్ద రైడ్లకు 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గేటు దగ్గర టేపు పెట్టి ‘రెండు సెంటీమీటర్లు తక్కువ’ అనగానే రాత్రంతా బస్సులో కలలు కన్న పిల్లాడి మొహం చూడలేం. నీళ్ల రైడ్లకు నైలాన్ లాంటి బట్టలే ఉండాలి, నూలు పనికిరాదు. ఊరంతా పత్తి పండించే చోటు నుంచి నూలు చొక్కాలతో వెళ్లిన కుటుంబం అక్కడే కొత్త బట్టలు కొనుక్కోవాల్సి వస్తుంది. ఇవేవీ దాచాల్సిన రహస్యాలు కావు. టికెట్టు అమ్మేటప్పుడే నాలుగు తెలుగు వాక్యాల్లో చెబితే సరిపోతుంది.

ఇళ్లలో చేసుకోగలిగింది కూడా ఉంది. ముందుగా కట్టుకోవాల్సినవి మూడే: రానూపోనూ ప్రయాణం, రాత్రి పడుకునే చోటు, గేటు టికెట్టు. ఆ పైన పార్కు లోపల ఏదైనా రాయించుకోవాలనుకుంటే, పిల్లల్ని కూర్చోబెట్టి ‘ఒక్కటే ఎక్కితే ఏది ఎక్కుతారు?’ అని అడగండి. ఆ ఒక్కదానికి స్లాటు తీసుకోండి. మిగతావాటిని దొరికితే ఎక్కుదామనుకోండి. వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లండి. జనం తక్కువ, ధర కూడా సాధారణంగా తక్కువ. పిల్లల ఎత్తు బయల్దేరకముందే గుమ్మం దగ్గర గోడకు ఆనించి చూసుకోండి. టికెట్లు, దారి, తిండి తలా ఒకరు పంచుకోండి. ఒకరి సెలవు మిగతావారి సెలవుకు ఖర్చు కాకూడదు. డబ్బు కట్టాం కదా అని ప్రతి రైడూ ఎక్కి తీరాలన్న పట్టుదల వదిలేయండి. కాళ్లు లాగుతున్నాయని తాతయ్య బెంచీ మీద కూర్చుంటే పక్కన ఒక మనవడు ఐస్‌క్రీము తింటూ కూర్చోవడానికి కూడా ఆ టికెట్టులో చోటుంది.

రెండు నెలల ముందు తేదీ చెప్పలేని వాళ్లు యాత్ర మానుకోనక్కర్లేదు. పల్నాడులో ఎత్తిపోతల ఉంది, నాగార్జునసాగర్ ఉంది, లాంచీలో వెళ్లి చూసే నాగార్జునకొండ ఉంది. పని తెమిలిన రోజు పొద్దున అనుకుని మధ్యాహ్నానికి చేరుకునే చోట్లు ఇవి. వీటి దగ్గర మంచినీళ్లు, మరుగుదొడ్లు, నీడ, సరైన బస్సు ఉండేలా చూడటం ప్రభుత్వం పని. స్లాటు కొనలేని, తేదీ చెప్పలేని కుటుంబానికి కూడా ఒక మంచి రోజు దొరకాలంటే ఊరికి దగ్గర్లో ఉన్న ఈ చోట్లను బాగు చేయడమే చవకైన మార్గం.

వరుసలో నిలబడటం ఎవరికీ ఇష్టం లేదు. అది తప్పించే ఉపాయం దొరికినప్పుడు వాడుకోవాల్సిందే. కానీ ముందస్తు బుకింగ్ నిరీక్షణను మాయం చేయలేదు. పార్కు గేటు దగ్గర ఉన్నదాన్ని మన ఇంటికీ, మన ఫోనుకూ, మన నెలల తరబడి ఆలోచనలకూ తరలించింది. కొందరి నుంచి తీసి వేరే కొందరి మీద వేసింది. ఆ సంగతి తెలుసుకుని వాడుకుంటే అది సౌకర్యం, తెలియక వాడుకుంటే అది బరువు. ఈ సెలవులకు టికెట్లు తీసే చేతులకు ఒక్కటే మనవి: ప్రయాణం బుక్ చేయండి, గది బుక్ చేయండి, పిల్లలు కోరిన ఆ ఒక్క రైడూ బుక్ చేయండి. మధ్యాహ్నం పూటను మాత్రం ఎవరికీ రాసివ్వకండి.